గాజు పలకపై రోగమును చదివిన వైద్యుడు: జార్జి పాపనికొలావు

రాచపుండు అను మాట చెవిని పడినంతనే ఉలికిపడని వారు అరుదు. ఆ వ్యాధి భయంకరమైనదగుటకు దాని బలము మాత్రమే కారణము కాదు. దాని మౌనము కూడ కారణము. మొదట నొప్పి లేదు, జ్వరము లేదు, పైకి కనిపించు గుర్తు లేదు. తనకు రోగమున్నదని రోగి తెలిసికొను నాటికి అది లోలోపల వేళ్లు తన్నియుండును. స్త్రీల గర్భాశయ ముఖద్వారమున పుట్టు క్యాన్సరు ఇట్టి మౌనవ్యాధులలో ముఖ్యమైనది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికా దేశమందు క్యాన్సరుచే మరణించు స్త్రీల విషయమున ప్రధాన కారణములలో ఇది యొకటిగా నుండెను.

ఆ మౌనమును భంగపరచి, రోగము పుండుగా మారుటకు ఏండ్ల ముందే దానిని పట్టి యిచ్చు ఉపాయమును లోకమునకు నేర్పినవాడు జార్జి పాపనికొలావు. ఆయన కత్తి పట్టిన శస్త్రవైద్యుడు కాడు; రోగుల నాడి చూచుచు పేరు గడించిన వైద్యుడును కాడు. సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, గాజు పలకపై పూసిన చిన్న పూతను చదువుట ఆయన జీవితకృత్యము. నేడు లోకమంతట పాప్ పరీక్ష యని పిలువబడు పరీక్షలో మిగిలియున్నది ఆయన పేరులోని మొదటి భాగమే.

జార్జి పాపనికొలావు 1883 మే 13వ తేదీన గ్రీసు దేశమునకు చెందిన యుబియా ద్వీపమందలి కీమి అను సముద్రతీరపు ఊరిలో జన్మించెను. తండ్రి నికొలావోస్ వైద్యుడు. తల్లి మరియా. బాలునకు సంగీతముపై మక్కువ మెండు, వయొలిను నేర్చెను. పదునైదేండ్ల వయస్సుననే ఏథెన్సు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. మనస్సు సాహిత్య సంగీతములవైపు లాగుచున్నను, తండ్రి కోరికను మన్నించి వైద్యవిద్య నభ్యసించి 1904లో పట్టము పుచ్చుకొనెను. పిదప సైన్యమున కొంతకాలము సేవచేసి, స్వగ్రామమునకు తిరిగివచ్చి, ఊరివెలుపల నివసించు కుష్ఠరోగులకు చికిత్స చేసెను.

కుమారుడు తనవలెనే ఊరి వైద్యుడై స్థిరపడవలెనని తండ్రి ఆశించెను. కాని జార్జి మనస్సు ఒక్కొక్క రోగికి మందిచ్చుటతో తృప్తిపడలేదు. ప్రాణి యెట్లు పుట్టును, ఆడ మగ భేద మెట్లు ఏర్పడును అను ప్రశ్నలు ఆయనను వేధించుచుండెను. అందుచే 1907లో జర్మనీకి వెడలెను. యేనా నగరమున హేకెల్ వద్దను, ఫ్రైబుర్గు నగరమున వైస్‌మన్ వద్దను చదివి, మ్యూనిక్ విశ్వవిద్యాలయమునుండి 1910లో జంతుశాస్త్రమున డాక్టరు పట్టమును పొందెను. డాఫ్నియా అను కంటికానీ కానని నీటిపురుగులలో లింగభేద మెట్లు నిర్ణయమగుననునదే ఆయన పరిశోధనాంశము. చిన్న జీవిని గురించిన ఆ చదువే తరువాత ఆయనకు అన్నము పెట్టెను.

ఆ సంవత్సరముననే ఆయన ఆండ్రొమకి యను యువతిని వివాహమాడెను. లోకము ఆమెను మేరీ యను పేర నెరుగును. ఈ కథలో ఆమె పాత్ర భర్త పాత్రకు తీసిపోవునది కాదు. దంపతులు కొంతకాలము మొనాకో సముద్రశాస్త్ర సంస్థలో నుండిరి. 1912లో బాల్కన్ యుద్ధము వచ్చెను. పాపనికొలావు సైనిక వైద్యుడుగా పోయెను. అమెరికానుండి స్వచ్ఛందముగా వచ్చిన గ్రీకు సైనికులు అచ్చట ఆయనకు తటస్థపడిరి. పరిశోధన చేయగోరు వానికి ఆ క్రొత్త దేశమున చోటు దొరకునని వారివలన విని, యుద్ధానంతరము భార్యాభర్తలు ఓడ యెక్కిరి.

1913 అక్టోబరు 19వ తేదీన వారు న్యూయార్కు రేవున దిగిరి. చేతిలో ఉన్నది దేశమున ప్రవేశించుటకు చూపవలసిన కొద్దిపాటి ధనము మాత్రమే. ఆంగ్లభాష ఇద్దరికిని రాదు. రెండు పట్టములున్న ఆ వైద్యుడు ఒక పెద్ద అంగడిలో తివాచీలు అమ్ముటకు కుదిరెను. మేరీ వారమునకు ఐదు డాలర్ల కూలికి గుండీలు కుట్టెను. రాత్రులందు ఆయన భోజనశాలలలో వయొలిను వాయించెను. ఒక గ్రీకు పత్రికాలయమున గుమాస్తాగిరి చేసెను. బాల్యమున వినోదముగా నేర్చిన విద్య ఆపత్కాలమున కూడు పెట్టినది.

అదృష్టవశమున అమెరికాలోని ప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడైన మోర్గన్, డాఫ్నియాను గూర్చిన ఆయన రచనను ఎరిగియుండెను. ఆ సహాయముతో 1914లో న్యూయార్కు ఆసుపత్రిలో చిన్న యుద్యోగము లభించెను. అనతికాలముననే కార్నెల్ వైద్యకళాశాల శరీరనిర్మాణశాస్త్ర శాఖలో స్టాకర్డు ఆచార్యుని వద్ద ఆయనకు స్థానము దొరికెను. మేరీ కూడ అదే ప్రయోగశాలలో జీతము లేకయే సహాయకురాలుగా చేరెను. అటుపై ఆయన సుమారు అర్ధశతాబ్దము ఆ కళాశాలను వీడలేదు.

అచ్చట పని గినీపందులతో. ఆడ మగ భేదమునకు మూలమైన క్రోమోసోములను చూడవలెనన్నచో, అండము విడుదలయగుటకు సరిగా ముందు ఘడియలలో దానిని సేకరింపవలెను. ఆ ఘడియ ఎప్పుడు వచ్చునో తెలియదు. తెలియనందున ఊహపై ఆధారపడి జంతువును చంపి చూచుట తప్ప వేరు మార్గము లేకుండెను. ఇన్ని ప్రాణులను వ్యర్థముగా బలియిచ్చుట ఏల యని ఆయన ఆలోచించెను. స్త్రీలకు నెలకొకసారి ఋతుస్రావము కలుగునట్లే, కంటికి కానరాకున్నను ఈ చిన్న జంతువులలో కూడ ఏదో మార్పు నియమితకాలమున జరుగుచుండవలె నని ఊహించెను.

ముక్కును పరీక్షించుటకై వైద్యులు వాడు చిన్న పరికరమును సంపాదించి, గినీపంది యోనినుండి ప్రతిదినము కొద్దిపాటి ద్రవమును తీసి, గాజు పలకపై పూసి, సూక్ష్మదర్శిని క్రింద చూచెను. ద్రవములో రక్తము లేదు. కాని కణములు కలవు. అవి దినదినమునకు రూపు మార్చుచు, పదునైదు పదునారు దినముల కొకసారి మొదటి రూపమునకు వచ్చుచుండెను. జంతువును చంపకుండగనే దాని లోపలి గడియారమును చదువు ఉపాయము దొరికెను. ఈ విషయమును స్టాకర్డుతో కలిసి 1917లో ప్రకటించెను. ఈ పద్ధతియే ఎలుకలలో ఉపయోగింపబడి, 1923లో ఆలెన్, డోయిజీ యను పరిశోధకులు స్త్రీ హార్మోనును గుర్తించుటకు తోడ్పడెను.

జంతువులో కనిపించినది మానవులలో కూడ కనిపించునా? 1920 ప్రాంతమున ఆయన ఈ ప్రశ్నను చేపట్టెను. స్త్రీల పూతలను దినదినము తీసి చూడవలెను. అట్టి పరీక్షకు ఎవరు ఒప్పుకొందురు? మేరీ ఒప్పుకొనెను. ఏండ్ల తరబడి ఆమె తన శరీరమునుండి పూతల నిచ్చుచుండెను. ఆరోగ్యవతియైన స్త్రీ కణము ఎట్లుండునో లోకమునకు నేర్పిన పాఠములలో చాల భాగము ఆమె దేహమునుండి వచ్చినదే. ఆ దంపతులకు సంతానము లేదు; ప్రయోగశాలయే వారి యిల్లు, పరిశోధనయే వారి సంసారము. ఆమె పేరు ఏ పరీక్షకును పెట్టబడలేదు.

ఈ పనిని విస్తరించుటకై ఆసుపత్రికి వచ్చు స్త్రీల పూతలను కూడ ఆయన చూచుచుండెను. ఒకనాడు ఒక రోగి పూతలో మునుపెన్నడును కాంచని కణములు కనబడెను. వాని కేంద్రకములు ఉబ్బి, నల్లబారి, అంచులు వంకరపోయి యుండెను. ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో బాధపడుచుండెను. శరీరమును కోయకయే, కణితినుండి రాలిన కణములనుబట్టి క్యాన్సరును గుర్తింపవచ్చునని ఆయనకు స్ఫురించెను. తన జీవితమందలి మహానంద క్షణములలో దాని నొకటిగా ఆయన తరువాత తలచుకొనుచుండెను.

1928 జనవరిలో మిచిగన్ రాష్ట్రమందలి బాటిల్ క్రీక్ పట్టణమున జరిగిన సభలో ఆయన ఈ విషయమును వెల్లడించెను. ఆ కాలముననే రుమేనియా వైద్యుడు బాబెష్ కూడ స్వతంత్రముగా ఇట్టి నిర్ణయమునకే వచ్చి, 1928లోనే ప్రకటించియుండెను. కాని వినిన పండితులు తల పంకించలేదు. గర్భాశయ ముఖద్వారము చేతి కందు స్థానమే గదా, అనుమానమున్నచోట చిన్న ముక్క కోసి చూచిన నిశ్చయముగా తెలియును గదా, రాలిన కణములను వెదకు శ్రమ యేల యని వారి వాదము. పాపనికొలావు ప్రసంగము అచ్చుతప్పులతో నిండి వెలువడెను. ఎవరును దానిని పట్టించుకొనలేదు.

ఆ పండితుల వాదమున ఒక లోపము కలదు. ముక్క కోయవలెనన్నచో ముందు అనుమానము కలుగవలెను. అనుమానము కలుగుటకు పుండు కంటికి కనబడవలెను. పుండు కనబడు నాటికి కాలము మించిపోవును. ఏ అనుమానమును లేని వేలకొలది స్త్రీలను, నొప్పి లేకుండ, తక్కువ ఖర్చుతో పరీక్షింపగల సాధనము కావలసియుండెను. పాపనికొలావు చేతిలోనున్నది అదియే. కాని ఆ మాట లోకమునకు తెలియుటకు పదమూడేండ్లు పట్టెను. ఆ పదమూడేండ్లలో ఆయన తగవులాడలేదు. ఋతుచక్రమును గూర్చిన పనిలోనికి తిరిగిపోయి, 1933లో దానిపై ఒక పెద్ద వ్యాసమును ప్రకటించెను.

1939లో కళాశాలలో ఆయన శాఖకు హిన్సీ అధిపతిగా వచ్చెను. పాత పనిని మరల చేపట్టుమని అతడు ప్రోత్సహించెను. స్త్రీవైద్య నిపుణుడైన హెర్బర్టు ట్రాట్ తోడు దొరికెను. ఆసుపత్రి స్త్రీవైద్య విభాగమున చేరు ప్రతి స్త్రీకిని పూత పరీక్ష చేయు నేర్పాటు జరిగెను. ఏ అనుమానమును లేనివారిలో సైతము క్యాన్సరు బయటపడసాగెను. కొందరిలో అది పైపొరను దాటి లోనికి దిగని ప్రథమదశలోనే దొరికెను. 1941లో వారి వ్యాసమును, 1943లో గ్రంథమును వెలువడినవి. హషిమె మురయామా యను జపానీయ చిత్రకారుడు ఆ గ్రంథమునకు కణములను రంగులలో చిత్రించెను. ఈసారి లోకము వినెను.

ఆ పరీక్ష యందలి మర్మమును విద్యార్థులు గ్రహింపవలెను. ముఖద్వారమును కప్పియున్న పొరలో అడుగున క్రొత్త కణములు పుట్టుచుండును. అవి పైకి వచ్చుకొలది చదునై, కేంద్రకము కుదించుకొనిపోయి, చివరకు రాలిపోవును. రోగము సోకిన పొరలో ఈ క్రమము చెడును. కేంద్రకము చిక్కుటకు బదులు పెరుగును. 1942లో పాపనికొలావు ప్రకటించిన రంగుల పద్ధతిలో కేంద్రకము ముదురు నీలముగను, కణద్రవ్యము గులాబి, నీలి ఆకుపచ్చ వన్నెలలో పారదర్శకముగను కనబడును. ఒకదానిపై నొకటి పడిన కణములు సైతము వేరువేరుగా తెలియును. మార్పు మొదలైన నాటినుండి క్యాన్సరగుటకు సాధారణముగ పదేండ్లకు పైగా పట్టును. ఈ దీర్ఘకాలమే వైద్యునకు లభించు గడువు.

1947లో కెనడా వైద్యుడు ఎయిర్ ముఖద్వారమునుండియే కణములను గీకి తీయు కొయ్య గరిటెను ప్రవేశపెట్టెను. 1949లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సామూహిక పరీక్షలు ఆరంభమైనవి. క్రమబద్ధముగ పరీక్షలు జరిపిన దేశములలో తరువాతి దశాబ్దములందు ఈ క్యాన్సరు మరణములు సగమునకు మించి తగ్గిపోయినవి. 1950లో పాపనికొలావునకు లాస్కరు బహుమానము లభించెను. 1954లో ఆయన రాలు కణములను గూర్చిన బృహద్గ్రంథమును చిత్రపటములతో వెలువరించెను. నోబెల్ బహుమానము మాత్రము రాలేదు.

ఇంత సాధించినను ఆయన ముందు ఒక చిక్కు ముడి మిగిలియుండెను. ఆయన పూతలను ఐదు తరగతులుగా విభజించెను. మొదటిది నిర్దోషము, ఐదవది నిశ్చయముగ క్యాన్సరు. ఈ రెండింటి విషయమున వైద్యునకు సందేహము లేదు. కాని నడుమ నున్న మూడవ తరగతి మాట యేమి? అందలి కణములు మామూలువి కావు, క్యాన్సరువియును కావు. అట్టి స్త్రీలలో కొందరికి కొన్ని నెలలకు పూత తనంత తాను శుభ్రమగును. మరికొందరికి కొన్ని యేండ్లకు క్యాన్సరు వచ్చును. అందరికిని చికిత్స చేసినచో అనేకులకు అనవసరపు కోత. ఎవరికిని చేయకున్నచో కొందరికి మృత్యువు. ఎవరు ఏ వర్గమువారో సూక్ష్మదర్శిని చెప్పజాలదు. కణము చెడినదని అది చూపును గాని, ఎవరు చెరచిరో చూపజాలదు.

ఆ సమాధానమునకు గుర్తు మాత్రము పలకలపైననే ఉండెను. కొన్ని కణములలో కేంద్రకము చుట్టును తెల్లని వలయమువంటి ఖాళీ కనబడుచుండును. 1956లో కాస్, డర్ఫీ యనువారు వానికి ప్రత్యేకముగా పేరుపెట్టిరి. ఆ వలయము ఒక వైరసు అడుగుజాడ యని 1976లో కెనడాలో మైజల్స్, ఫోర్టిన్ అనువారు సూచించిరి. పాపనికొలావు అప్పటికి లేడు. 1961లో కార్నెల్ కళాశాలను విడిచి, మయామీ నగరమున క్యాన్సరు పరిశోధనాలయమునకు అధిపతిగా వెళ్లి, మూడు నెలలైనను గడువకమునుపే 1962 ఫిబ్రవరిలో గుండెపోటుతో ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయనకు 78 ఏండ్లు. ఆ సంస్థకు పిదప ఆయన పేరే పెట్టిరి. మేరీ ఆయన పనికి అండగా నిలిచి, 1982 వరకు జీవించెను.

మరుసటి సంవత్సరమే, అనగా 1983లో, హరాల్డ్ సుర్ హౌజెన్ బృందము గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కణములలో హ్యూమన్ పాపిలోమా వైరసు యొక్క 16వ రకమును కనుగొనెను. 1984లో 18వ రకమును ప్రకటించెను. ఆ పని జరిగినది ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమున. యువకుడైన పాపనికొలావు వైస్‌మన్ వద్ద కూర్చుండి చదివినదియు ఆ ఊరిలోనే. సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ వైరసులో నేటికి రెండువందలకు పైగా రకములు గుర్తింపబడినవి. 6, 11 రకములు పులిపిరులను మాత్రము పుట్టించును. సుమారు పండ్రెండు రకములు క్యాన్సరుకు దారితీయగలవు. 16, 18 రకములే ఈ క్యాన్సరులో సుమారు నూటికి డెబ్బదింటికి కారణము. ఇవి తయారుచేయు రెండు ప్రొటీనులు, కణవిభజనను అదుపులో నుంచు కాపలాదారులను పడగొట్టును. అయినను సోకిన ప్రతి స్త్రీకిని ఆపద లేదు. చాలమందిలో రెండేండ్లలోపల శరీరమే వైరసును తరిమివేయును. ఏండ్ల తరబడి వదలక నిలిచినచోటనే భయము.

ఇందువలన మూడవ తరగతి చిక్కు ముడి విడిపోయెను. పూత సందేహాస్పదముగ నున్నప్పుడు, అదే నమూనానుండి వైరసు యొక్క డి.ఎన్.ఎ.ను వెలికిదీసి, పాలిమరేజ్ చైన్ రియాక్షన్ అను ప్రక్రియచే కోట్లరెట్లు పెంచుదురు. పిమ్మట ఒక్కొక్క రకమునకు మాత్రమే అతుకు డి.ఎన్.ఎ. తునుకలను దానితో కలిపి, ఏది అతుకునో చూచి రకమును నిర్ణయింతురు. స్వల్పముగ చెడిన పూతలలో నానా రకములు కానవచ్చును. తీవ్రముగ చెడినవానిలో 16వ రకమే ప్రబలముగ నుండును. ఆ రకము గాని 18వ రకము గాని కనబడినచో ముఖద్వారమును వెంటనే పెద్దదిగ చూపు పరికరముతో పరీక్షింతురు. ప్రమాదకర రకమేదియు లేకున్నచో కోత లేకయే కాలము గడచిన పిదప మరల చూతురు. ఒకే పలకను చూచి ఇద్దరు స్త్రీలకు ఒకే భయమును పంచిపెట్టవలసిన అవసరము తొలగెను.

ఈ కథ మనకు దూరపుది కాదు. భారతదేశమున ఏటేట సుమారు లక్షా పాతికవేల స్త్రీలకు ఈ వ్యాధి కనబడుచున్నదని 2022 సంవత్సరపు అంచనాలు తెలుపుచున్నవి. సుమారు ఎనుబదివేలమంది మరణించుచున్నారు. పూతను చదువుటకు సంవత్సరముల శిక్షణ కావలెను. అట్టి శిక్షితులు పల్లెలలో లేరు. మహారాష్ట్రమున నాటి ఉస్మానాబాదు జిల్లాలో లక్షా ముప్పదివేలకు పైగా స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితములు 2009లో వెలువడినవి. ఒక్కసారి వైరసు పరీక్ష చేసిన గ్రామములలో ఈ క్యాన్సరు మరణములు సుమారు సగమునకు తగ్గినవి. ఒక్కసారి పూత పరీక్ష చేసినచోట అంతటి తగ్గుదల కానరాలేదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలికలకు టీకాను, స్త్రీలకు ముప్పదియైదవ యేటను, నలుబదియైదవ యేటను వైరసు పరీక్షను లక్ష్యముగ నిర్ణయించెను.

అట్లైనచో పాపనికొలావు పరీక్షకు కాలము చెల్లెనా? పరీక్ష పాతబడవచ్చును, అది నేర్పిన సత్యము పాతబడదు. ఈ క్యాన్సరు ఒక్క రాత్రిలో రాదు, ఏండ్ల తరబడి నడచి వచ్చును, ఆ దారిలో దానిని నిలువరింపవచ్చును అనునదే ఆ సత్యము. రోగము లేదని తలచు వారిని పిలిచి పరీక్షించు పద్ధతి ఆ సత్యమునుండియే పుట్టినది. టీకాయైనను, వైరసు రకమును గుర్తించు పరీక్షయైనను, ఆయన వేసిన బాటమీదనే నడచుచున్నవి.

తివాచీలు అమ్మిన చేతులతో గినీపందుల పూతలను తీసి, పదమూడేండ్లు లోకపు ఉపేక్షను సహించి, తాను పట్టిన పలకను విడువని ఓర్పు ఆయనది. ప్రతిదినము తన శరీరమునుండి ఒక పూతనిచ్చి, ప్రతిఫలము కోరని ఓర్పు మేరీది. తరగతి గదిలో సూక్ష్మదర్శిని క్రింద ఉల్లిపొర కణమును తొలిసారి చూచు బాలికకు ఉపాధ్యాయుడు ఈ దంపతుల కథను చెప్పవలెను. ఆ బాలిక యింటికి పోయి, ఏ నొప్పియు లేదు గదా యని ఆసుపత్రి గడప తొక్కని తన తల్లిని పరీక్షకు బయలుదేరదీసినచో, ఆ పాఠము సార్థకమగును.